జెనోవాలో మూడు ఏలకులు

దయ్యాలు, మహిమలు అంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్ళు మంట. ఒంగోలులో ఇంటర్ చదివేటప్పుడు మా హాస్టల్లో ఒక గదిలో ఎవరో తిరుగుతున్నారని అమ్మాయిలంతా వణికిపోయేవాళ్ళు. కిటికీ పెద్దదని నేను ఆ గదే అడిగి మరీ తీసుకున్నాను. రెండేళ్ళున్నాను. ఎలుకలు తప్ప ఏమీ తిరగలేదు.

కాబట్టి ఇది చదివి ఎవరైనా నవ్వితే నేనేమీ అనుకోను. జరిగింది నాకు కాకపోతే నేనూ నవ్వేదాన్నే.

అది తొంభై తొమ్మిదో సంవత్సరం, జూన్ నెల. మేం అడిలైడ్‌లో ఉండేవాళ్ళం. మాసన్ లేక్స్ అనే కొత్త పేట అప్పుడే కడుతున్నారు. పక్కనే టెక్నాలజీ పార్కులో నా ఉద్యోగం. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెలతోనే రాశారు, రెండు వేలు రాగానే అన్నీ తలకిందులైపోతాయని లోకమంతా హడలిపోతున్న రోజులవి. కంప్యూటర్ గడియారాన్ని ముందుకు తిప్పి, ఏది ఎక్కడ చెడుతుందో చూడటం నా పని. మంచి జీతం, తిండికి టైం లేదు.

మా ఆయన డాక్టరు. ఆ ఏడాది డార్విన్‌లో ఆస్పత్రిలో పని. ఇంట్లో నేనూ, మా అత్తగారూ. మామగారు పోయాక ఆవిడ తెనాలి నుంచి మా దగ్గరికి వచ్చేశారు. ఇంగ్లీషు రాదు. షుగర్ ఉంది. మాత్ర వేసుకున్న అరగంటలో అన్నం తినకపోతే చెమటలు పట్టి, మాట తడబడి, కూలబడిపోతారు. ఒకసారి మా వంటింట్లోనే అలా అయింది. స్పృహ తప్పేదాకా వచ్చింది. ఆ రోజు నేను పడ్డ కంగారు ఎప్పటికీ మర్చిపోను.

అలాంటి సమయంలో మా ఆఫీసువాళ్ళు నన్ను ఇటలీలో జెనోవా వెళ్ళమన్నారు. అక్కడ రేవులో సరుకుల లెక్కలు చూసే ఒక కంపెనీ మా సాఫ్ట్‌వేర్ వాడేది. రెండు వారాల పని. అత్తగారిని ఇంట్లో ఒంటరిగా వదలడానికి లేదు. వీసా కోసం నానా తంటాలూ పడి, సొంత ఖర్చుతో ఆవిడనీ తీసుకెళ్ళాను. మా ఆయన డార్విన్ నుంచి రోజూ ఫోన్ చేసి ఒకటే మాట.

"అమ్మని ఎక్కడా ఒక్కదాన్నీ వదలకు, ప్లీజ్. నీ మీదే భారం వేశాను."

నిజం చెప్పాలంటే నాకు ఒళ్ళు మండిపోయేది. పగలంతా ఆఫీసు, సాయంత్రం హోటల్ గదిలో ఎలక్ట్రిక్ కుక్కర్లో ఆవిడకి అన్నం. ఆవిడ ఏమీ అడిగేవారు కాదు. అడగకపోవడం కూడా నాకు కోపమే తెప్పించేది. పెళ్ళయి ఐదేళ్ళయినా మేమిద్దరం కూర్చుని పది నిమిషాలు మాట్లాడుకున్నది లేదు.

మొదటి శనివారం, ఆవిడ గదిలో కూర్చుని కూర్చుని బెంగపడిపోతున్నారని, పాత ఊరు చూపిద్దామని బయల్దేరదీశాను. జెనోవా పాత ఊరంటే రేవు దగ్గర మొదలై కొండ మీదికి పాకే సందుల గుంపు. బళ్ళు పోవు, నడవాల్సిందే. అటు గోడ, ఇటు గోడ, చేతులు చాపితే రెండూ తగులుతాయి. ఇళ్ళు మాత్రం ఆరేడు అంతస్తులు. తలెత్తితే ఆకాశం పంచె అంచంత కనపడుతుంది. అదీ మధ్యలో ఆరేసిన బట్టల సందులోంచి. పట్టపగలే చీకటి. చేపలు వేయించే వాసన, తడి రాళ్ళ వాసన.

అత్తగారికి మాత్రం హుషారొచ్చింది. "అచ్చం బెజవాడ వన్ టౌన్‌లాగే ఉంది అమ్మాయ్, కాకపోతే పందులు లేవు" అన్నారు. నాకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. నా బుర్రంతా ఆ రోజు వదిలేసి వచ్చిన పని మీదే ఉంది.

తప్పు నేనే చేశాను. అడిలైడ్‌లో మేం పన్నెండింటికి తింటాం. ఆ అలవాటుతో పదకొండూ ముప్ఫై అయిదుకి నేనే మాత్ర తీసి ఇచ్చాను. హోటల్ వాళ్ళు చెప్పిన భోజనశాల వెతుక్కుంటూ వెళితే తలుపు వేసి ఉంది. పన్నెండున్నర దాకా తెరవరట. ఇంకో చోటికి వెళ్ళాం, అక్కడా అంతే. రొట్టెల కొట్టు ఒకటి మ్యాప్‌లో ఉంది కానీ, ఆ సందుల్లో మ్యాప్ ఎందుకూ పనికిరాలేదు. బ్యాగులో గ్లూకోజ్ బిస్కెట్లు ఉన్నాయని ఒక్కటే ధైర్యం.

అలా వెతుకుతూ ఒక మూలకి వచ్చాం. రెండు సందులు కలిసే చోట, ఇంటి మూల గోడలో మనిషెత్తు పైన చిన్న గూడు. అందులో బిడ్డనెత్తుకున్న మేరీమాత బొమ్మ, ముందు చిన్న ఎర్ర దీపం. కింద మోకాలెత్తున రాతి అరుగు. అలాంటివి ఆ ఊళ్ళో వీధి వీధికీ ఉన్నాయి. అత్తగారు అక్కడ ఠక్కున ఆగిపోయారు.

"మన గుణదల అమ్మే!" అని చేతులు జోడించారు. తర్వాత బూట్లు విప్పారు, మేజోళ్ళు విప్పారు. హ్యాండ్‌బ్యాగు తీసి నా భుజాన తగిలించారు, తోలుదని. "మూడు ప్రదక్షిణలు చేసి వస్తాను."

గోడలో ఉన్న అమ్మవారి చుట్టూ తిరగడమేమిటో నాకర్థం కాలేదు. ఆవిడకి అందులో సందేహమేమీ లేదు. అమ్మవారు ఇంటి మూలన ఉంటే ఇల్లు మొత్తం చుట్టి రావాలి, అంతే. ఆ ఇల్లు నాలుగు సందుల మధ్య విడిగా ఉంది. ఒక చుట్టంటే మూడు నాలుగు నిమిషాలు.

"ఇప్పుడా అత్తయ్యా? మాత్ర వేసుకున్నారు. ముందు రెండు బిస్కెట్లు తినండి."

"ప్రదక్షిణ చేసే ముందు తినకూడదమ్మా. ఎంతసేపు, ఇట్టే వచ్చేస్తాను. నువ్వూ రా."

అప్పుడు నేనన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "నాకివన్నీ పట్టవు. మీరు రాకుండా ఉంటే నా పనేదో నేను చేసుకునేదాన్ని. తిరిగి రండి, ఇక్కడే నిలబడతాను."

ఆవిడ ముఖం చిన్నబోయింది. లెక్క కోసం బ్యాగు పక్క అరలోంచి మూడు ఏలకులు తీసి గుప్పిట్లో పెట్టుకున్నారు. ఆవిడ నోట్లో ఎప్పుడూ ఏలక్కాయ ఉంటుంది. చుట్టుకొకటి అరుగు మీద పెడతారన్నమాట. గోడ కుడిచేతి వైపు ఉండేలా నడిచి మూల తిరిగారు. టైం చూసుకున్నాను. పన్నెండూ అయిదు.

నాలుగు నిమిషాలయింది. ఆరయింది. మెల్లగా నడుస్తున్నారేమో అనుకున్నాను. పది నిమిషాలయ్యేసరికి ఇక ఆగలేకపోయాను. ఆవిడ బూట్లు చేత్తో పట్టుకుని వెనకాలే వెళ్ళాను. మొదటి సందులో ఎవరూ లేరు. రెండోది వెనక సందు. అక్కడ మంగలి షాపు తెరిచి ఉంది, నడివయసు మంగలి గడప మీద నిలబడి సిగరెట్ కాలుస్తున్నాడు. మూడో సందూ, నాలుగోదీ ఖాళీ. తిరిగి మూలకి వచ్చాను. అత్తగారు లేరు.

ఈసారి ఎదురు దిక్కులో పరుగెత్తాను. అప్పుడూ లేరు. ప్రతి తలుపూ తోసి చూశాను. అన్నీ లోపల గడియ పెట్టి ఉన్నాయి. మంగలికి కాస్త ఇంగ్లీషు వచ్చు. చీర కట్టుకుని, బొట్టు పెట్టుకుని, కాళ్ళకి ఏమీ లేకుండా ఒక పెద్దావిడ వెళ్ళిందా అని అడిగాను. పొద్దుటి నుంచీ బేరం లేదు, గుమ్మంలోనే ఉన్నాను, అలాంటావిడ ఎవరూ రాలేదు అన్నాడు. వస్తే గమనించకుండా ఎలా ఉంటాను అని తిరిగి నన్నే అడిగాడు.

అప్పుడు నాకు ఒక్కసారిగా తెలిసొచ్చింది. ఆవిడ దగ్గర ఏమీ లేవు. పాస్‌పోర్టు, హోటల్ చీటీ, డబ్బులు, బిస్కెట్లు, అన్నీ నా భుజాన వేలాడుతున్న బ్యాగులోనే ఉన్నాయి. ఇంగ్లీషు కూడా రాని మనిషి, వట్టికాళ్ళతో, మాత్ర వేసుకుని యాభై నిమిషాలు. ఎక్కడో ఏ మెట్ల మీదో చెమటలు పట్టి కూలబడి ఉంటారు. నీళ్ళు అడగడానికి కూడా మాట తెలియదు. మా ఆయనకి ఏమని చెప్పను? గుడి కాని గుడి చుట్టూ తిరగడానికి మీ అమ్మని ఒక్కదాన్నీ పంపి, నేను కోపంగా నిలబడ్డాను అని చెప్పనా?

మళ్ళీ మూలకి వచ్చాను. అరుగు మీద ఒక ఏలక్కాయ ఉంది.

ఆవిడ బయల్దేరేటప్పుడు అక్కడ ఏమీ పెట్టలేదు. నేను చూస్తూనే ఉన్నాను. మొదట ప్రాణం లేచొచ్చింది. ఓహో, నేను ఆవిడ వెనక, ఆవిడ నా వెనక, ఇద్దరం ఒకరినొకరం తరుముకుంటూ తిరుగుతున్నాం కాబోలు అనుకున్నాను. తప్పు ఎక్కడో తెలియనప్పుడు మేం టెస్టింగ్ వాళ్ళం చేసేది ఒకటే. ఒకదాన్ని కదలకుండా ఉంచి రెండోదాన్ని చూడటం. సరే, ఇక కదలకూడదు అనుకున్నాను. అరుగు వైపు వీపు పెట్టి, రెండు సందులూ కనపడేలా నిలబడ్డాను. అప్పటికి పన్నెండున్నర.

మంగలి మంచివాడు. మా మూలకి వచ్చి ఒక గ్లాసు నీళ్ళిచ్చాడు. ఇంకో పావుగంట చూసి పోలీసులకి ఫోన్ చేస్తానని చెప్పి షాపుకి వెళ్ళాడు.

నేను కదల్లేదు. కుడి వైపు చూడటం, ఎడమ వైపు చూడటం, మళ్ళీ కుడి. ఒక ముసలాయన కుక్కతో వెళ్ళాడు. ఇద్దరు పిల్లలు బంతి తన్నుకుంటూ పోయారు. ఇంకెవరూ రాలేదు. ఈ మాట ఎవరు ఎన్నిసార్లు అడిగినా ఇలాగే చెబుతాను. ఇంకెవరూ రాలేదు. కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడానికి కూడా భయం, ఆ క్షణంలో ఆవిడ దాటిపోతారేమోనని. అత్తయ్యా, అత్తయ్యా అని గొంతు పోయేలా అరిచాను. ఆ గోడల మధ్య నా అరుపు నాకే తిరిగొచ్చింది.

పన్నెండూ యాభై దాటాక కాళ్ళు లాగేసి, అరుగు మీద కూర్చుందామని వెనక్కి తిరిగాను. ఏలకులు రెండున్నాయి.

రెండూ పక్కపక్కనే. నా కాళ్ళ వెనకే, జానెడు దూరంలో. కూర్చోలేదు. బూట్లు గుండెలకి హత్తుకుని, మళ్ళీ సందు వైపే తిరిగి నిలబడ్డాను. జీవితంలో మొదటిసారి ఎవరికో దణ్ణం పెట్టుకున్నాను. ఎవరికో నాకే తెలియదు.

ఇంకో అయిదారు నిమిషాలకి ఆవిడ వచ్చారు.

ఎడమ సందులోంచి, రావలసిన దిక్కునుంచే, నిమ్మళంగా నడుచుకుంటూ వచ్చారు. కొంగు భుజం మీద చుట్టుకుని ఉంది, పెదవులు కదులుతున్నాయి. నన్ను చూసి తలూపి, ముందు మూడో ఏలక్కాయ అరుగు మీద పెట్టి, దణ్ణం పెట్టుకుని, అప్పుడు నా వైపు తిరిగారు.

"ఏమిటమ్మా ఆ ఏడుపు?"

నేను ఆవిడని పట్టుకుని బావురుమన్నాను. ఎక్కడికెళ్ళారు, ఏమైపోయారు అని కేకలు వేశాను. ఆవిడ తెల్లబోయారు.

"ఎక్కడికెళతాను? మూడు చుట్లూ తిరిగాను. పది నిమిషాలు కాలేదు. చుట్టు చుట్టుకీ నువ్విక్కడే నిలబడి ఉన్నావుగా. చెయ్యి కూడా ఊపాను, నువ్వు చూస్తేగా!"

మొదటి చుట్టులో నేను పది నిమిషాలు ఇక్కడే ఉన్నాను, నిజమే. కానీ ఆ పది నిమిషాల్లో ఆవిడ రాలేదు. మరి ఆ మంగలి? ఆవిడ నడిచింది అతని గుమ్మం ముందు నుంచే కదా. వెనక సందులో షాపేమీ లేదే, అన్ని తలుపులూ మూసే ఉన్నాయి అన్నారు అత్తగారు. ఇంతలో మంగలి ఫోన్ చేసి తిరిగొచ్చాడు. ఆవిడని, ఆవిడ కాళ్ళనీ చూశాడు. అప్పటి నుంచీ నేను గడప మీదే ఉన్నాను, ఫోన్ కూడా గుమ్మం పక్కనే ఉంది అన్నాడు. పోలీసులు వద్దని చెప్పడానికి వెళ్ళిపోయాడు.

బిస్కెట్లు తినిపించే ముందు, వేలు గుచ్చి షుగర్ చూశాను. మీటరు బ్యాగులోనే ఉంది. మాత్ర వేసుకుని గంటన్నర కావస్తోంది, తిండి లేదు, చెప్పుల్లేని నడక. అరవై లోపు ఉంటుందనుకుంటూ చూశాను. నూట పన్నెండు. అప్పుడే మాత్ర వేసుకున్న మనిషిలా ఉంది. నమ్మలేక రెండో వేలు గుచ్చాను. నూట తొమ్మిది. "ఎన్ని పొడుస్తావే తల్లీ" అని విసుక్కున్నారు.

మర్నాడు ఆవిడని హోటల్ పక్క కాఫీ కొట్టులో, మా ఆఫీసులోని ఒక ఇటాలియన్ అమ్మాయి దగ్గర కూర్చోబెట్టి, నేనొక్కదాన్నే మళ్ళీ వెళ్ళాను. ఏదైనా తప్పు జరిగితే అది మళ్ళీ జరిగేలా చేసి చూడటం మా పద్ధతి. ఆ ఇంటి చుట్టూ ఆరుసార్లు తిరిగాను, రెండు దిక్కుల్లోనూ. ప్రతిసారీ మూడు నిమిషాల లోపే. లోపల్నుంచి పోయే దారి లేదు, కిందికి మెట్లు లేవు, ఇంకో గూడు లేదు. మంగలి షాపు ఆదివారం కాబట్టి మూసి ఉంది. మూసిన చెక్క తలుపు చూస్తే నిజంగానే అది షాపని తెలియదు. అత్తగారు చూసింది అదేనేమో అనిపించింది. కానీ ఆవిడ చూసింది శనివారం.

ఏలకులు అరుగు మీదే ఉన్నాయి. ముట్టుకోలేదు.

మా ఆయనతో ఫోన్లో అన్నీ చెప్పాను, నేనన్న మాటతో సహా. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. మాత్ర ఒక్కోసారి ఆలస్యంగా పనిచేస్తుంది, కంగారులో నువ్వు చూడలేదు, అంతే అన్నాడు. డాక్టరు కదా, అలాగే అంటాడు. కంగారులో మనిషి ఎక్కువగా చూస్తాడు కానీ తక్కువ చూడడు. ఆ అరగంటలో ఆ రెండు సందుల్లో ఉన్న ప్రతి రాయీ నాకిప్పటికీ గుర్తే.

రెండు వేల సంవత్సరం వచ్చింది. ఏమీ కూలిపోలేదు. జనవరిలో మా ఆయన డార్విన్ నుంచి వచ్చేశాడు. ఒక మధ్యాహ్నం, మా వైపు అది నడివేసవి, బయట నలభై డిగ్రీల ఎండ, నేనూ అత్తగారూ వంటింట్లో ఏసీ కింద కూర్చుని పాయసంలోకి ఏలకులు వలుస్తున్నాం. జెనోవా నుంచి వచ్చాక మాకు మాటలు అలవాటయ్యాయి. ఇన్నాళ్ళు అడగలేని మాట అప్పుడు అడిగాను. ఆ రోజు ఏం మొక్కుకున్నారు అత్తయ్యా అని.

ఆవిడ రెండు మూడు కాయలు వలిచాక అన్నారు.

"మొదటిది అబ్బాయి గురించి, వాడికి బదిలీ కావాలని. రెండోది నా షుగర్ గురించి. మూడోది కూడా వాడి కోసమే అనుకున్నానమ్మా. కానీ రెండో చుట్టు తిరిగొచ్చేసరికి నువ్వు ఏడుస్తున్నావు. దగ్గరికొచ్చి పిలిచాను. పలకలేదు. నీ వెనక్కి చెయ్యి చాపి కాయ అరుగు మీద పెట్టాను, భుజం తట్టాను. నువ్వు నన్ను దాటి ఎటో చూస్తున్నావు. నాకు భయమేసింది. ఇంకా కోపం పోలేదేమో అనుకున్నాను."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"చెబితే నమ్మే మనిషివా?"

నేను ఇంకో కాయ వలిచాను.

"అందుకని మూడోది వాడికి మానేశాను. అమ్మా, ఈ పిల్లకి నేను కనపడేట్టు చెయ్యి అని దణ్ణం పెట్టుకుంటూ తిరిగాను. వచ్చేసరికి చూశావు" అని, ఒలిచిన గింజలు నా గిన్నెలో పోసి, పాలు పొంగుతున్నాయేమో చూడ్డానికి లేచారు.

ఇది జరిగి పాతికేళ్ళు దాటింది. ఇద్దరం తిరుగుతూ ఒకరినొకరం తప్పిపోయాం అనుకుంటే ఒక ఏలక్కాయకి లెక్క సరిపోతుంది. రెండోదానికి సరిపోదు. నా దగ్గర ఉన్నది ఇంతే. దీనికో పేరు పెట్టడం నాకు చేతకాలేదు.

అత్తగారికి ఇప్పుడు ఎనభై దాటాయి. మాసన్ లేక్స్‌లోనే ఉంటున్నాం. సాయంత్రం వాకర్ పట్టుకుని మా ఇళ్ళ వరస చుట్టూ ఒక చుట్టు తిరుగుతారు. ఆవిడ గుమ్మం దిగగానే నేను పని వదిలేసి లేస్తాను. మా అమ్మాయికి నవ్వు. ఇక్కడే పుట్టిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే.

"షీ ఈజ్ జస్ట్ గోయింగ్ రౌండ్ ద బ్లాక్, మమ్. రిలాక్స్."

నాకూ తెలుసు. అయినా గుమ్మంలో నిలబడి ఎదురుచూడటం నేనెప్పుడో మానేశాను. చెప్పులు వేసుకుని ఆవిడతో పాటే తిరుగుతాను.